గట్టు రోడ్డు మీద బాతుల వేగం

మా పిన్ని ట్రాఫిక్ పోలీసు. వాహనాల వేగం కొలిచే గన్ను ఆమె చేతికి వచ్చి చాలా ఏళ్ళయింది. స్టేషన్‌లో ఆమె అసలు పేరు ఎవరూ వాడరు, తుపాకీ మేడమ్ అంటారు. ఆ గన్నుకీ తుపాకీకీ పోలికల్లా పిడి ఒక్కటే. మిగతాదంతా జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌లా ఉంటుంది. ఎదురుగా వచ్చే బండి మీదికి గురిపెట్టి మీట నొక్కితే వెనక ఉన్న చిన్న తెర మీద అంకె పడుతుంది. మీట వదిలేస్తే ఆ అంకె అక్కడే ఆగిపోతుంది. ఆగిన అంకెను చూపిస్తే ఎంత వాగుడుకాయైనా నోరు మూసుకుంటాడు.

పిన్ని ఎవర్నీ వదలదు. ఒకసారి మా నాన్ననే ఆపింది.

"బావగారూ, అరవై రెండు. పక్కకి తియ్యండి" అంది.

"నేనమ్మా, నేను" అన్నాడు నాన్న.

"కనిపిస్తూనే ఉన్నారు. నా కళ్ళకేం కాలేదు" అని రసీదు చించి చేతిలో పెట్టింది. నాన్న చాలాకాలం వాళ్ళింటి గడప తొక్కలేదు. అమ్మ మాత్రం ఆ రసీదును ఫ్రిజ్ తలుపుకి అంటించి, ఆయన మంచినీళ్ళ సీసా తీసుకున్నప్పుడల్లా కనబడేలా చేసింది.

పిన్ని డ్యూటీ గట్టు రోడ్డు మీద. ఊరికి మంచినీళ్ళిచ్చే జలాశయం గట్టు అది. ఒకవైపు ఎత్తయిన రాతిగోడ, దాని అవతల నీళ్ళు. రెండోవైపు కరెంటు స్తంభాలు, లావుపాటి తీగలు. రోడ్డు తాడు లాగినట్టు తిన్నగా వచ్చి పంపుహౌసు దగ్గర ఉన్నట్టుండి తిరుగుతుంది. యాభై దాటకూడదని బోర్డు ఉంది. అంత తిన్నటి రోడ్డు చూస్తే ఎవడికైనా కాలు దురద పెడుతుంది, బోర్డు ఎవడు చదువుతాడు. మలుపుకి కాస్త ఇవతల గోడ నీడలో పిన్ని నిలబడేది.

పొద్దున డ్యూటీ ఎక్కగానే ముందు గన్నును పరీక్షించాలి. దానికొక శృతిదండం ఇస్తారు, బడిలో సైన్సు టీచరు బల్లకేసి కొట్టి మోగించేలాంటిదే. దాన్ని బూటు మడమకి కొట్టి గన్ను ముందు పెడితే తెర మీద ఎప్పుడూ ఒకే అంకె రావాలి. వస్తే గన్ను బాగున్నట్టు. ఆ సంగతి పుస్తకంలో రాసి సంతకం పెట్టి, ఇక బళ్ళ కోసం చూడాలి.

ఆ వేళకి బళ్ళు తక్కువ, పక్షులు ఎక్కువ. చలికాలంలో ఎక్కణ్ణించో వచ్చే చిన్న బాతులు రాత్రంతా అవతలి పొలాల బురదలో మేసి, తెల్లారాక జలాశయానికి తిరిగొస్తాయి. గోడకీ తీగలకీ మధ్య గట్టు ఒక సందులా ఉంటుంది కాబట్టి అవి రోడ్డు పొడవునే, లారీ కప్పుని రాసుకునేంత ఎత్తులో, గుంపుగా దూసుకొస్తాయి. పంపుహౌసు దగ్గర గోడ దాటి నీళ్ళలో దిగుతాయి. అడ్డంగా పోయేదాన్ని గన్ను సరిగా కొలవలేదు, తిన్నగా మీదికొచ్చేదాన్నే కొలుస్తుంది. అవి తిన్నగా మీదికే వచ్చేవి.

ఇది ఎప్పుడు మొదలైందో పిన్నికే సరిగా గుర్తులేదు. టీ ఇంకా రాలేదు, రోడ్డు ఖాళీ, చేతిలో గన్ను ఉంది, ఎదురుగా ఒక కొంగ వస్తోంది. నొక్కింది. ముప్ఫై నాలుగు. ఆ పూట అన్నం తింటూ బాబాయికి చెప్పింది. బాబాయి లిఫ్టు మెకానిక్.

"రసీదు రాశావా మరి?"

"యాభై లోపేగా. బుద్ధిగా పోతోంది."

"నన్నెప్పుడన్నా కొలవ్వే."

"నువ్వు లిఫ్టువాడివి. పైకీ కిందికీ తప్ప ముందుకి పోవు."

తర్వాత అది అలవాటైపోయింది. నీటికాకి యాభై అయిదు. చిలకలు అరవై చుట్టుపక్కల, అదీ గోలగోలగా. పావురం దాని మనసుని బట్టి. వానకోవెల మరీ చిన్నది, ఎన్నిసార్లు పెట్టినా గన్నుకి చిక్కలేదు. అన్నిట్లోకీ బాతులదే జోరు, అరవై ఐదు, అరవై ఏడు, ఎప్పుడన్నా డెబ్బై. ఇంట్లో వాళ్ళకిది రోజూ వినే వార్తలాంటిది. ఎవరికీ నష్టం లేదు, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు బాతులు ఆలస్యంగా వచ్చాయి. పిన్ని గన్నెత్తి మీట నొక్కింది. అదే వైపు నుంచి, బాతుల కింద, కాస్త వెనకగా బ్రెడ్డు వ్యాను ఒకటి వస్తోంది. బాతులు నెత్తి మీంచి పోయాయి. వ్యాను పక్కనుంచి పోయింది. పిన్ని చూస్తున్నది తెర వైపు. డెబ్బై ఎనిమిది. అంత అంకె బాతులకి అంతకుముందెప్పుడూ పడలేదు. అబ్బో అనుకుంది. అప్పుడు వెనక మలుపులో చప్పుడైంది.

పోయినతను ఒక గోదాముకి వాచ్‌మన్. రాత్రి కాపలా దిగి సైకిల్ మీద ఇంటికి పోతున్నాడు. వ్యాను అతన్ని మలుపులో కొట్టి గోడకి రాసుకుని ఆగింది. పిన్ని పరుగెత్తి వెళ్ళి పక్కన కూర్చునేసరికి ఊపిరి ఉంది. అంబులెన్సుకి ఫోన్ చేసి తిరిగి చూసేసరికి లేదు. వ్యాను వెనక తలుపు ఊడి రోడ్డంతా బ్రెడ్డు పొట్లాలు పడ్డాయి. ఎవరో వాటిని ఏరి పక్కన పేర్చడం మొదలుపెట్టారు. పిన్నికి అది బాగా గుర్తుంది, ఎంత వరసగా పేర్చారో.

ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా గన్ను ఆమె చేతిలోనే ఉంది. ఆయనే తీసుకుని తెర చూశాడు. అంకె అలాగే ఉంది.

"డెబ్బై ఎనిమిదా" అన్నాడు. "ఈ మలుపులో."

డ్రైవరు రోడ్డు అంచున కూర్చుని ఉన్నాడు. "నలభై సార్. నలభై దాటలేదు" అంటున్నాడు.

"అందరూ నలభయ్యేరా. మా తుపాకీ మేడమ్ ముందు ఎవడి నలభై అయినా బయటపడాల్సిందే."

గన్నును సాక్ష్యం కింద సంచిలో వేసి సీలు వేశారు. పిన్ని ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టింది.

తర్వాత పిన్నికి ఏమీ అవలేదు. తేలిగ్గా అనడం లేదు, ఏమీ అవకపోవడమే ఆమెకి జరిగింది. ఏడవలేదు. నిద్ర మానలేదు. కంచంలో వేసింది తినేది. పొయ్యి మీంచి దించీ దించగానే టీ గడగడా తాగేసేది, నాలుక కాలిన సంగతి మర్నాడెప్పుడో బయటపడేది. యూనిఫాం ఇస్త్రీ చేస్తూ ఒకే జేబు మీద పెట్టెను అటూ ఇటూ తిప్పుతూనే ఉండేది, బాబాయి వచ్చి ప్లగ్గు లాగాల్సొచ్చేది. మా అమ్మ ఒకరోజు వెళ్ళి గట్టిగా పట్టుకుంది.

"ఏడువే. ఏడిస్తే పోతుంది."

పిన్ని అమ్మ వీపు నిమిరి, "నీ నడుం నొప్పి తగ్గిందా?" అని అడిగింది.

"నా నడుం సంగతెందుకే. నీకెలా ఉందో చెప్పు."

"పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఉంటుంది చూడక్కా, అలా ఉంది. నాదేనని తెలుసు."

అసలు విషయం బయటికి రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఒక ఆదివారం బాబాయి నిచ్చెనెక్కి వంటింట్లో బల్బు మారుస్తున్నాడు. నిచ్చెన పట్టుకున్నది నేను. పిన్ని గడప దగ్గర నిలబడి, ఇవాళ పాలవాడు రాలేదు అన్నంత మామూలుగా, "ఆ అంకె ఎవరిదో నాకు తెలీదు" అంది.

"ఏ అంకె?"

"డెబ్బై ఎనిమిది. నేను గన్ను పెట్టింది బాతుల మీద."

బాబాయి బల్బు తిప్పడం ఆపాడు. "మరి వ్యాను ఎంతలో పోయింది?"

"చూడలేదు."

"నువ్వు చూడలేదా?"

ఆయన అలా అడగడంలో అర్థముంది. గన్ను లేకపోయినా పిన్ని కంటితో బండి వేగం చెప్పేస్తుంది, ఒకటి రెండు అటూ ఇటూగా. బాల్కనీలో కూర్చుని ఆమెతో పందెం వేసి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు.

"తెర చూస్తున్నా. తలెత్తి ఉంటే చెప్పేదాన్ని" అంది.

"ఇన్‌స్పెక్టర్‌కి అప్పుడే చెప్పలేకపోయావా?"

"అప్పుడు నోట్లో నాలుక ఉన్నట్టు లేదు."

"ఇప్పుడు చెప్తే?"

"డ్యూటీలో బాతులతో ఆడుకుంటున్నానని రాస్తారు. గన్ను డ్యూటీ శాశ్వతంగా తీసేస్తారు. ఇంకేం తీసేస్తారో తెలీదు."

"చెప్పకపోతే?"

"ఆ డ్రైవరు జైలుకి పోతాడు. వాడి మీద ఉన్నదల్లా ఆ అంకే."

బాబాయి కిందికి దిగాడు. బల్బు ఆయన చేతిలోనే ఉంది. "అది వ్యానుదే కావచ్చు కదా" అన్నాడు.

"కావచ్చు. బాతులు అంతలో పోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. పోలేవని తేలితే అది వ్యానుదే, ఇక నేను మాట్లాడక్కర్లేదు. పోగలిగితే మాట్లాడాలి." నా వైపు తిరిగింది. "నీ బండి నడుస్తోందా?"

"వాడి చదువే ఆగింది, బండి ఆగలేదు" అన్నాడు బాబాయి.

అలా మేం బాతుల వెంట పడ్డాం. పొద్దున్నే గట్టుకి పొలాల వైపు చివర బండి పెట్టుకుని నిలబడేవాళ్ళం. గన్ను సీలులో ఉంది కాబట్టి పిన్నిని స్టేషన్‌లో కూర్చోబెట్టారు, అందుకని ఆమె సెలవు రోజుల్లో, లేదంటే డ్యూటీకి ముందు. బాతులు వచ్చేముందు రెక్కల చప్పుడు వినిపిస్తుంది, దూరంగా ఎవరో పొడిగా ఈల వేసినట్టు. ఆ చప్పుడు వినగానే బండి లాగించాలి. మొదట్లో కుదరలేదు. నేను గేరు మార్చేలోపు అవి పంపుహౌసు చేరి గోడ దాటేసేవి. పిన్ని వెనక కూర్చుని ఏమీ అనేది కాదు. ఇంకెవరైనా అయితే నన్ను నాలుగు తిట్టేవాళ్ళు. తిడితే బాగుండేది.

తర్వాత కిటుకు తెలిసింది. అద్దంలో గుంపు కనబడగానే ముందే కదిలి, అవి మనల్ని అందుకునేలా చూసుకోవాలి. అందుకున్నాక చివరి బాతు పిన్ని భుజం దగ్గర ఉండేలా బండి పట్టాలి. "ఇంకొంచెం" అనేది. "ఇంకొంచెం. ఎక్కువైంది. ఆఁ, ఉంచు." నేను ముల్లు ఎంత మీద ఉందో అరిచి చెప్పి, మలుపు రాకముందే బ్రేకు వేసేవాణ్ణి. దగ్గర్నుంచి చూస్తే బాతు మెడ అస్సలు కదలదు. రెక్కలు తప్ప ఏమీ కదలదు. ఒక కన్ను మన వైపే ఉంటుంది. మనతో దానికే పనీ లేదు.

నా బండి మీటరు నమ్మదగ్గది కాదు. ఊరి మొదట్లో, వచ్చే బండి వేగాన్ని అంకెల్లో వెలిగించి చూపే బోర్డు ఒకటుంది. దాని ముందు పోనిచ్చి చూశాం. మీటరు అయిదు ఎక్కువ చెబుతోంది. ఆ అయిదు తీసేసి లెక్కవేసుకున్నాం. గాలి లేని రోజు బాతులు అరవై ఐదు దగ్గరే ఉండేవి. ఎదురుగాలి రోజు యాభై కూడా రాలేదు, పాపం రొప్పుతూ పోయేవి.

ఒకరోజు గోడ నీడలోంచి ఒక చెయ్యి లేచింది. పిన్ని చోట నిలబెట్టిన కానిస్టేబుల్, కొత్త గన్నుతో.

"డెబ్బై రెండు. పక్కకి తియ్" అన్నాడు నాతో. తర్వాత వెనక ఎవరున్నారో చూశాడు. "మేడమ్, మీరా. ఎవరీ కుర్రాడు?"

"మా అక్క కొడుకు."

"ఏంటి మేడమ్ ఇంత జోరు, ఎవర్ని తరుముతున్నారు?"

"బాతుల్ని."

అతను నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు. "సరే, వెళ్ళండి మేడమ్. నేనేం చూళ్ళేదు."

"రసీదు రాయి. దాటాడుగా."

"మేడమ్, మీ అబ్బాయికి నేను రాయడమేంటి?"

"రాయి."

రాశాడు. చింపి ఇస్తుంటే పిన్ని అడిగింది: "రేపు పొద్దున ఒక్కసారి గన్ను బాతుల మీద పెట్టి చూస్తావా? తెర మీద ఎంత పడిందో చెప్తే చాలు."

"మేడమ్, మీకు దణ్ణం పెడతా. నన్నిందులోకి లాగకండి. నాకు ఇద్దరు పిల్లలు."

మధ్యాహ్నానికల్లా స్టేషన్ అంతా పాకింది. మేడమ్‌కి షాకు కొట్టిందట, అక్క కొడుకు బండెక్కి బాతుల వెంట తిరుగుతోందట. ఇన్‌స్పెక్టర్ పిలిపించాడు. కూర్చోమన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, పని తెమలాలనుకునే మనిషి.

"నెల రోజులు సెలవు పెట్టమ్మా. అక్కా వాళ్ళింటికి వెళ్ళు."

"ఆ అంకె వ్యానుది కాకపోవచ్చు సార్."

"శృతిదండం పరీక్ష సరిగ్గా వచ్చింది. పుస్తకంలో నీ చేత్తోనే రాశావు. గన్ను బాగుంది."

"గన్ను బాగుంది సార్. గురి వేరే."

"చూడమ్మా. ఒక మనిషి పోయాడు. వాడు కొట్టాడు. ఇందులో అబద్ధం ఉందా?"

"లేదు సార్."

"మరింకేం."

పిన్ని లేచి బయటికొచ్చింది. ఇదంతా ఆమె నాకు రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తు తింటూ చెప్పింది, ఎవరి ఆఫీసులోనో జరిగినట్టు. ఆయన అన్నదీ నిజమే కదా అన్నాను. "నిజమే" అంది. పొత్తు తినేసి బెండు ఎక్కడ పారెయ్యాలా అని చుట్టూ చూసింది.

చలి తగ్గుతోంది. గుంపులు రోజురోజుకీ చిన్నవవుతున్నాయి. ప్రమాదం మీద విచారణకి పిన్నికి పిలుపు వచ్చేసింది. ఒక పొద్దున పొలాల వైపు నుంచి గాలి లేచింది. స్తంభానికి చుట్టుకున్న ప్లాస్టిక్ సంచి ఒకటి పంపుహౌసు వైపు చాచుకుని టపటపా కొట్టుకుంటోంది. రెక్కల చప్పుడు వినబడగానే బండి లాగించాను. బాతులు మమ్మల్ని ఎప్పటికంటే త్వరగా అందుకున్నాయి. "ఇంకొంచెం" అంది పిన్ని. "ఇంకొంచెం." బండి వణుకుతోంది. "ఇంకొంచెం. ఉంచు."

"ఎనభై మూడు" అని అరిచాను.

మలుపుకి చాలా ముందే ఆపాను. బండి దిగి గోడకి ఆనుకున్నాను. ఎనభై మూడులోంచి అయిదు తీసేస్తే ఎంతో ఇద్దరికీ తెలుసు. పిన్ని కళ్ళలోంచి గాలికి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"పోగలవు" అన్నాను.

"గాలి ఉంటే."

"ఆ రోజు గాలి ఉందా?"

"గుర్తులేదు."

"బ్రెడ్డు పొట్లాలు ఎగిరాయా?"

"అది గోడ చాటు. అక్కడ గాలి తెలీదు."

వాతావరణ ఆఫీసుకి ఫోన్ చేశాను. వాళ్ళ గాలి కొలిచే స్తంభం ఊరికి ఆ చివర ఎక్కడో ఉంది. ఆ రోజు పొద్దున అక్కడ స్వల్పంగా, దిశ మార్చుకుంటూ వీచిందట. స్వల్పం అంటే ఎంత అని అడిగితే, స్వల్పం అంటే స్వల్పమే సార్ అని పెట్టేశారు. తర్వాత రెండు మూడు పొద్దులు గట్టు మీద నిలబడ్డాం. బాతులు రాలేదు. వెళ్ళిపోయాయి.

విచారణ అధికారి గదిలో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. నన్ను లోపలికి రానివ్వలేదు గానీ తలుపు సరిగా పడదు, బల్ల మీద కూర్చుంటే అన్నీ వినబడ్డాయి.

"మీరు డ్యూటీలో బాతుల్ని కొలుస్తున్నారు."

"అవును సార్."

"ఎందుకు?"

"వస్తున్నాయని సార్."

"రోజూనా?"

"వచ్చిన రోజుల్లో."

"అయితే ఆ డెబ్బై ఎనిమిది బాతులదని ఖాయంగా చెబుతున్నారా?"

"చెప్పలేను సార్."

"వ్యానుదని?"

"అదీ చెప్పలేను."

టైపిస్టు ఆగాడు. "ఏం కొట్టమంటారు సార్?"

"ఆమె చెప్పిందే కొట్టు."

"ఆమె ఏం చెప్పలేదు సార్."

"గురి బాతుల మీద పెట్టానని కొట్టండి" అంది పిన్ని. "వాటి వెనక వ్యాను ఉందని. నేను వ్యాను వైపు చూడలేదని కొట్టండి."

కీబోర్డు చప్పుడు మళ్ళీ మొదలైంది. బయటికొచ్చాక ఎలా ఉంది పిన్నీ అని అడిగాను. "దాహంగా ఉంది" అంది.

ఎదురుగా టీ బడ్డీ దగ్గర ఒకతను మమ్మల్ని చూసి లేచాడు. ఆ బ్రెడ్డు వ్యాను డ్రైవరు. బెయిలు మీద ఉన్నాడు. చిక్కిపోయి, చొక్కా అతనిది కానట్టు వేలాడుతోంది.

"మేడమ్, ఒక్క మాట. బాతులని చెప్పారంట. నా మీద జాలిపడి చెప్పారా?"

"లేదు."

"మరి వెటకారమా? బయట అందరూ నవ్వుతున్నారు. నీ కేసు బాతులు కొట్టేశాయిరా అంటున్నారు."

"గన్ను బాతుల మీదే పెట్టాను. అందుకని చెప్పాను."

అతను గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పుతూ నిలబడ్డాడు. "నలభై అన్నాను గానీ మేడమ్," అని గొంతు తగ్గించాడు, "నేను మీటరు చూళ్ళేదు. వెనక ట్రేలు జారుతున్నాయేమోనని అద్దంలో చూస్తున్నా. ఎప్పుడూ పోయేంతే పోయుంటా."

"ఎప్పుడూ ఎంత పోతావు?"

అతను టీ వైపు చూశాడు. "ఆ రోడ్డు తిన్నగా ఉంటుంది కదా మేడమ్" అన్నాడు.

పిన్ని తల ఊపింది. టీకి నన్ను డబ్బులివ్వమంది.

ఆ అంకెను కేసులోంచి తీసేశారు. అజాగ్రత్త మిగిలింది, అతివేగం పోయింది. డ్రైవరు జైలుకి పోలేదు. పిన్నికి గన్ను పోయింది. పట్టుకొచ్చిన బళ్ళు పడేసే దొడ్డికి పంపారు. తుప్పు పట్టిన మోటారు సైకిళ్ళ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, ఎవరైనా కాగితం తెస్తే గేటు తీస్తుంది. ఎలా ఉందే అక్కడ అని అమ్మ అడిగితే నీడ ఉందక్కా అంది.

ఒక సాయంత్రం పిన్ని ఇంటికి ఒకామె వచ్చింది. ముప్ఫై దాటి ఉంటాయి. మందుల షాపు కోటు ఇంకా ఒంటి మీదే ఉంది, పని దిగి నేరుగా వచ్చినట్టుంది. పోయిన వాచ్‌మన్ తన అన్న అని చెప్పింది. బాబాయి కుర్చీ జరిపాడు. ఆమె అంచున కూర్చుంది.

"గొడవ పెట్టుకోడానికి రాలేదు మేడమ్. ఒకటే అడుగుదామని. ఆ డెబ్బై ఎనిమిది కాదన్నారంట కదా. అయితే ఎంతలో వచ్చి కొట్టాడు?"

"తెలీదమ్మా."

"మీకు తెలీకపోతే ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"అతనికి?"

"అతనికీ తెలీదు."

ఆమె కోటు గుండీ ఒకటి పెట్టుకుంది, తీసింది. "మా అమ్మ మంచం దిగదు. వచ్చిన ప్రతి మనిషికీ అదే చెబుతుంది. డెబ్బై ఎనిమిదిలో వచ్చాడంట, నా కొడుకు ఏం తప్పుకోగలడు అని. అది చెప్పాక కాసేపు ఊరుకుంటుంది. ఇప్పుడు నేనెళ్ళి ఏం చెప్పాలి? బాతులని చెప్పనా?"

బాబాయి లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె పట్టుకుంది, తాగలేదు. పిన్ని ఇంకో కుర్చీ ఆమెకి ఎదురుగా లాక్కుని కూర్చుంది.

"మీ అన్నది చెప్పగలను" అంది.

"మా అన్నదా?"

"బాతులు రాకముందు నా ముందు నుంచే పోయాడు. అతన్ని చూశాను. పన్నెండులో పోతున్నాడు. అంచునే, గోడ పక్కనే. చక్రం అటూ ఇటూ పోలేదు."

"గన్నుతో చూశారా?"

"కంటితో. కానీ పన్నెండే."

ఆమె గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది. "మోకాళ్ళ నొప్పులు" అంది. "అంతకంటే తొక్కలేడు."

"ఊఁ."

"పన్నెండు."

"పన్నెండు" అంది పిన్ని.

ఆమె నీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది. అమ్మకి చెబుతానంది. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళింది. పిన్ని తలుపు గడియ వేసి వచ్చి, ఆమె లేచిన కుర్చీలోనే కూర్చుంది.